విడిగా ఉన్నంత మాత్రాన విడిపోయినట్టు కాదు

ఈరోజు మాట్లాడబోయేది చాలా ఇళ్లలో గొంతు తగ్గించి మాట్లాడుకునే విషయం. భార్యాభర్తలు విడిగా ఉంటున్నారు. కొందరికి ఏడాదైంది, కొందరికి ఐదేళ్లు, ఇంకొందరికి పదేళ్లు దాటింది. ఇన్నాళ్లుగా కలిసి లేరు కాబట్టి చట్టం దృష్టిలో కూడా ఆ పెళ్లి పోయినట్టేనని ఒకరంటారు. ఆర్నెల్లు ఆగితే కోర్టు విడాకులు ఇచ్చేస్తుందని మరొకరు, కాదు ఏళ్లూ పూళ్లూ పడుతుందని ఇంకొకరు చెబుతారు. వీటిలో మొదటి మాట పూర్తిగా తప్పు. మిగిలిన రెండూ సగం సగం నిజాలు. ఈ సగం నిజాలను నమ్ముకుని ఎందరో వయసులో మంచి రోజులు పోగొట్టుకుంటున్నారు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఊరికే గడిచిపోయిన కాలం ఏ పెళ్లినీ రద్దు చేయదు. ఎప్పుడు మొదలైందో తేదీ ఉండి, దానికి రుజువుండి, ఒక నిర్ణయానికి దారితీసే ఎడబాటునే చట్టం లెక్కలోకి తీసుకుంటుంది. కాబట్టి కాపురం ఆగిన రోజు నుంచే ఆ కాలానికి లెక్క రాసుకోవాలి.

మొదట పెళ్లి ఎలా నమోదవుతుంది, ఎలా రద్దవుతుంది అన్న తేడా చూద్దాం. హైదరాబాద్ చిక్కడపల్లిలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఉంది. పెళ్లి ఫొటోలు, శుభలేఖ, వయసుకూ చిరునామాకూ రుజువులు, సాక్షులు ఉంటే హిందూ వివాహాన్ని సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టరు చేయించుకోవచ్చు. ఆ ఆఫీసుకే వెళ్లి, ‘మేమిద్దరం ఒప్పుకున్నాం, ఆ పెళ్లి కొట్టేయండి’ అంటే మాత్రం కుదరదు. సబ్ రిజిస్ట్రార్‌కు ఆ అధికారం లేదు. నోటరీకి లేదు, పోలీస్ స్టేషన్‌కు లేదు, కులపెద్దలకూ లేదు. బాండ్ పేపర్ మీద ‘ఇకపై మాకూ మాకూ సంబంధం లేదు’ అని రాసుకుని, నలుగురు పెద్దమనుషులతో సంతకాలు పెట్టించుకుని, అదే విడాకులనుకునే కుటుంబాలు నగరంలోనూ ఉన్నాయి, పల్లెల్లోనూ ఉన్నాయి. 1955 నాటి హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ ఆచారం ప్రకారం జరిగే విడాకులను కాపాడిన మాట నిజమే. కానీ తమ కులంలో అలాంటి ఆచారం తరతరాలుగా నడుస్తోందని కోర్టులో గట్టిగా రుజువు చేయాలి. అది అందరివల్లా అయ్యే పని కాదు. రుజువు చేయలేకపోతే ఆ కాగితం మీద నమ్మకంతో చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు. పైగా అది నేరమవుతుంది. పెద్దమనుషుల ఒప్పందానికి విలువే లేదని నేననడం లేదు. ఆ ఒప్పందాన్ని కోర్టుకు తీసుకెళ్లి డిక్రీగా, అంటే కోర్టు తీర్పుగా, మార్చుకుంటేనే దానికి బలం వస్తుందని అంటున్నాను.

ఇక అసలు ఎడబాటు అంటే ఏమిటి? ఈ ప్రశ్నకు అశోక్‌నగర్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. గ్రూప్స్‌కు, సివిల్స్‌కు, బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లు జిల్లాల నుంచి వచ్చి ఆ వీధుల్లో హాస్టళ్లలో ఉంటారు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దుపోయేదాకా కూర్చుంటారు. వాళ్లలో పెళ్లయినవాళ్లు తక్కువేమీ కాదు. భార్య ఇక్కడ హాస్టల్‌లో, భర్త ఊళ్లో. లేదా భర్త ఇక్కడ, భార్య పుట్టింట్లో. రెండేళ్లు, మూడేళ్లు అలా గడిచినా అది చట్టం చెప్పే ఎడబాటు కాదు. ఎందుకంటే ఆ దూరం కాపురాన్ని నిలబెట్టుకోవడానికి పెట్టుకున్న దూరం. ఉద్యోగం కోసం దుబాయ్‌లో ఉన్నా, చదువు కోసం అమెరికాలో ఉన్నా ఇదే సూత్రం. భర్తనో భార్యనో వదిలి వెళ్లడమనే కారణంతో విడాకులు కోరాలంటే, పిటిషన్ వేసే నాటికి వెనక్కి లెక్కపెట్టి కనీసం రెండేళ్లు ఎడతెగకుండా వదిలి ఉండాలి. అంతేకాదు, శాశ్వతంగా వదిలేయాలన్న ఉద్దేశం కూడా ఉండాలని, రెండోవారి ఒప్పుదల లేకుండా, సరైన కారణం లేకుండా వెళ్లి ఉండాలని సుప్రీంకోర్టు 1956లోనే స్పష్టం చేసింది. కొట్టి తరిమేస్తే పుట్టింటికి చేరిన ఆమె, భర్తను వదిలి వెళ్లినట్టు కాదు. అక్కడ వదిలేసినవాడు భర్తే.

దీనికి మరో వైపు కూడా ఉంది. ఒకే ఇంట్లో ఉంటూ విడిపోయి ఉండడం సాధ్యమే. నారాయణగూడ, చిక్కడపల్లి సందుల్లోని రెండు గదుల ఫ్లాటును ఊహించండి. రెండో ఇంటికి అద్దె కట్టే స్తోమత లేదు. పిల్లలు దగ్గరలోని బడిలో చదువుతున్నారు. ముసలి తల్లిదండ్రులు అదే ఇంట్లో ఉన్నారు. భార్యాభర్తలు ఒకే గడప లోపల ఉంటున్నా దాంపత్యం లేదు, మాటల్లేవు, వంట వేరు, ఖర్చులు వేరు. 1991లో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. విడిగా జీవించడమంటే భార్యాభర్తలుగా జీవించకపోవడం. ఎక్కడ ఉంటున్నారన్నది ముఖ్యం కాదు. అయితే రుజువు విషయంలో ఇది కష్టమైన దారి. వేరే ఇంటికి వెళ్లినవారికి అద్దె ఒప్పందం ఉంటుంది, మారిన ఆధార్ చిరునామా ఉంటుంది, కొత్త గ్యాస్ కనెక్షన్ ఉంటుంది. ఒకే ఇంట్లో ఉన్నవారికి ఇవేవీ ఉండవు. అందుకని వాళ్లు ఎప్పటినుంచి కాపురం లేదన్నది లేఖలోనో మెసేజ్‌లోనో లిఖితపూర్వకంగా ఒకరికొకరు ఒప్పుకుని ఉంచుకోవడం మంచిది. ఇద్దరూ ఒప్పుకుని కోర్టుకు వెళ్లినప్పుడు ఈ తేదీ మీద పేచీ రాదు. ఒకరు ఎదురు తిరిగినప్పుడు మొత్తం కేసు ఆ ఒక్క తేదీ చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు గడువుల సంగతికి వద్దాం. 1955లో చట్టం వచ్చినప్పుడు ఇద్దరూ ఒప్పుకుని విడిపోయే దారి అందులో లేదు. ఒకరి తప్పును మరొకరు రుజువు చేయాల్సిందే. 1976 సవరణతో 13బి సెక్షన్ వచ్చి పరస్పర అంగీకారంతో విడాకులకు తలుపు తెరిచింది. దీన్నే జనం ‘మ్యూచువల్’ అంటారు. దీనికి మూడు షరతులు. దంపతులు ఏడాది లేదా అంతకు మించి విడిగా ఉండాలి. కలిసి బతకలేకపోయి ఉండాలి. పెళ్లి రద్దు చేసుకుందామని ఇద్దరూ ఒప్పుకోవాలి. అప్పుడు ఇద్దరూ కలిసి పిటిషన్ వేస్తారు. దాన్ని మొదటి మోషన్ అంటారు. ఆ తర్వాత ఆరు నెలలు ఆగాలి. ఆరు నెలలు నిండాక, పద్దెనిమిది నెలలు దాటకముందు, ఇద్దరూ మళ్లీ కోర్టు ముందుకు వచ్చి ‘మా మాట మీదే ఉన్నాం’ అని చెప్పాలి. అదే రెండో మోషన్. జడ్జి విచారించి, ఆ అంగీకారం బలవంతంగానో మోసంతోనో వచ్చింది కాదని తృప్తిపడితే డిక్రీ ఇస్తారు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టరు పెళ్లి చేసుకున్నవారికీ దాదాపు ఇదే పద్ధతి, ఇవే గడువులు.

ఈ ఆరు నెలల గడువు మాఫీ అవుతుందని ఈ మధ్య చాలామంది వింటున్నారు. అది 2017 సెప్టెంబర్ 12న జస్టిస్ ఆదర్శ్ కుమార్ గోయల్, జస్టిస్ యు.యు. లలిత్ ఇచ్చిన తీర్పు. ఆ ఆరు నెలలు తప్పనిసరి కాదని, తగిన కేసుల్లో ఫ్యామిలీ కోర్టే దాన్ని మాఫీ చేయవచ్చని వాళ్లు చెప్పారు. కానీ షరతులు పెట్టారు. మొదటి మోషన్ నాటికే ఏడాది ఎడబాటుతో పాటు ఆ అదనపు ఆరు నెలలు కూడా గడిచిపోయి ఉండాలి. రాజీ ప్రయత్నాలన్నీ విఫలమై ఉండాలి. భరణం, పిల్లల సంరక్షణ, మిగతా లావాదేవీలు నిజంగా పరిష్కారమై ఉండాలి. ఇంకా ఆగితే ఇద్దరికీ బాధ పెరగడమే తప్ప ప్రయోజనం లేదని కోర్టుకు తోచాలి. మొదటి మోషన్ తర్వాత వారానికే మాఫీ దరఖాస్తు వేసుకోవచ్చు. 2021లో సుప్రీంకోర్టు మరో తీర్పులో, ఇవి ఉదాహరణలే తప్ప వీటికే కట్టుబడాల్సిన పని లేదని కొంత సడలింపు ఇచ్చింది.

ఒక లెక్క వేసి చూద్దాం. 2024 జూన్ 10న కాపురం ఆగిందనుకోండి. మొదటి దారిలో 2025 జూన్ 10తో ఏడాది నిండుతుంది. ఆ వారంలోనే పిటిషన్ వేస్తే, ఆరు నెలలు కలిపి డిసెంబర్ మధ్యలో రెండో మోషన్‌కు వెళ్లవచ్చు. రెండో దారిలో డిసెంబర్ దాకా ఆగి పిటిషన్ వేసి, ఆరు నెలల మాఫీ కోరవచ్చు. ఏ దారిలో వెళ్లినా, ఎడబాటు మొదలైన రోజు నుంచి సుమారు ఏడాదిన్నరకు డిక్రీ చేతికి వచ్చే అవకాశం ఉంది. అంటే ఒప్పుకున్న దంపతులకు చట్టం పెట్టిన గడువు ఇంచుమించు ఏడాదిన్నరే. మరి ఇద్దరూ మనసులో ఎప్పుడో ఒప్పుకున్నా నాలుగేళ్లు, ఐదేళ్లు ఎందుకు పడుతోంది? ఎడబాటు తేదీ మీద ఇద్దరి మాటా ఒకటి కాకపోవడం ఒక కారణం. పెట్టిపోతల లెక్క, బంగారం లెక్క, పిల్లల సంగతి తేలకపోవడం రెండోది. ‘ముందు వాళ్లు దిగిరానీ’ అని రెండు వైపులా పెద్దలు పంతం పట్టడం మూడోది. వీటిలో ఏ ఒక్కటీ చట్టం చేసిన ఆలస్యం కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. పరస్పర అంగీకారమంటే డిక్రీ వచ్చే క్షణం దాకా నిలిచి ఉండే అంగీకారం. మొదటి మోషన్‌లో సంతకం పెట్టినవారు రెండో మోషన్‌కు ముందు మనసు మార్చుకోవచ్చు. అది వాళ్ల హక్కని, విడిగా జీవించడమంటే ఏమిటో తేల్చిన ఆ 1991 తీర్పే చెప్పింది. పద్దెనిమిది నెలలు దాటిపోయాయి కాబట్టి ఒకరు రాకపోయినా డిక్రీ ఇచ్చేయాలన్న వాదనను కూడా సుప్రీంకోర్టు 2011లో ఒప్పుకోలేదు. అందుకే ఒప్పందాన్ని నోటిమాటగా వదిలేయకూడదు. ఎంత మొత్తం, ఎన్ని విడతలు, మొదటి మోషన్ నాడు ఎంత, రెండో మోషన్ నాడు ఎంత, స్త్రీధనం ఎప్పుడు తిరిగివ్వాలి, పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు, సెలవుల్లో రెండోవారి దగ్గరకు ఎన్ని రోజులు వెళతారు, బడి ఫీజు ఎవరు కడతారు, ఒకరి మీద ఒకరు పెట్టుకున్న కేసులు ఏమవుతాయి అన్నది ఒక్కొక్కటీ రాసుకోవాలి. ఇవన్నీ రాసి ఉన్న పిటిషన్‌ను కోర్టు నమ్మకంతో చదువుతుంది. ఇవి లేని పిటిషన్ వాయిదాల పాలవుతుంది.

పిటిషన్ ఎక్కడ వేయాలన్నది ఇంకో సందేహం. పెళ్లి జరిగిన చోట, చివరిసారి కలిసి కాపురం చేసిన చోట, ఎదుటివారు ఉంటున్న చోట వేయవచ్చు. 2003 సవరణ దీనికి మరో వెసులుబాటు చేర్చింది. పిటిషన్ వేసేది భార్య అయితే తాను ఉంటున్న చోటే వేసుకోవచ్చు. విజయవాడలో పెళ్లి జరిగి, బెంగళూరులో కాపురం చేసి, ఇప్పుడు నారాయణగూడలో పుట్టింట్లో ఉంటున్న ఆమె బెంగళూరు రైలెక్కి తిరగాల్సిన పనిలేదు. హైదరాబాద్‌లోనే కేసు వేసుకోవచ్చు. 1984 చట్టం కింద ఏర్పడ్డ ఫ్యామిలీ కోర్టుల్లో ఒకటి పురానీ హవేలీలో చాలాకాలంగా నడుస్తోంది. అక్కడ మొదట జరిగేది రాజీ ప్రయత్నం. కౌన్సెలింగ్‌కు పిలిచినప్పుడు చాలామంది దాన్ని తంతుగా చూసి ఎగ్గొడతారు. అది పొరపాటు. కాపురం నిలబడకపోయినా, గౌరవంగా విడిపోయే షరతులు కుదిరేది చాలాసార్లు అక్కడే.

ఇప్పుడు కష్టమైన సంగతి. ఒకరు విడాకులు కావాలంటారు, మరొకరు ఇవ్వనంటారు. అప్పుడు ఎన్నేళ్లు విడిగా ఉన్నారన్నది మాత్రమే చాలదు. క్రూరత్వమో, రెండేళ్లు వదిలి వెళ్లడమో, వివాహేతర సంబంధమో, ఏడేళ్లుగా బతికున్నట్టు ఆచూకీ లేకపోవడమో, ఇలా 13వ సెక్షన్‌లో ఉన్న కారణాల్లో ఒకదాన్ని రుజువు చేయాలి. పెళ్లయిన మొదటి ఏడాదిలో, అసాధారణమైన కష్టమో నీచత్వమో ఉంటే తప్ప, పిటిషన్ వేయనివ్వరు. నోటీసు అందిన ఆరు నెలల్లో విచారణ ముగించడానికి ప్రయత్నించాలని చట్టంలోనే 21బి సెక్షన్ ఉంది. ఆచరణ వేరు. మన జంటనగరాల కేసే ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1999 ఏప్రిల్‌లో పెళ్లి జరిగింది. మర్నాడే రెండు వైపులా పెద్దల మధ్య గొడవ వచ్చి కాపురం మొదలవకుండానే ఆగిపోయింది. ఫ్యామిలీ కోర్టు 2002లో విడాకులిచ్చింది. హైకోర్టు 2006లో ఆ తీర్పును కొట్టేసింది. సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరి 22న, భార్యకు 15 లక్షల రూపాయలు శాశ్వత భరణంగా ఇవ్వాలంటూ పెళ్లి రద్దు చేసింది. ఒక్కరోజు కూడా నిలవని కాపురం చట్టం ముందు పద్నాలుగేళ్లు నిలబడింది. ఆ యువతీ యువకుల వయసును ఎవరు తిరిగిస్తారు? ఇలాంటి వివాదాలను మొదట్లోనే మధ్యవర్తిత్వానికి పంపాలని అదే తీర్పులో న్యాయమూర్తులు ఫ్యామిలీ కోర్టులను ఆదేశించారు. ఆ మాట వెనక ఈ పద్నాలుగేళ్ల అనుభవం ఉంది.

ఒకరు ఒప్పుకోనప్పుడు కాలానికి విలువ తెచ్చే మరో దారి చట్టంలో ఉంది. కోర్టు నుంచి న్యాయిక వేర్పాటు డిక్రీ, అంటే పెళ్లి రద్దు కాకుండానే విడిగా ఉండే అనుమతి, తెచ్చుకోవచ్చు. ఆ తర్వాత ఏడాదిపాటు కలిసి కాపురం చేయకపోతే ఇద్దరిలో ఎవరైనా విడాకులు కోరవచ్చు. 9వ సెక్షన్ కింద ‘కాపురానికి రావాలి’ అన్న డిక్రీ వచ్చాక ఏడాది గడిచినా రాకపోతే అప్పుడూ కోరవచ్చు. ఈ 9వ సెక్షన్ చరిత్రలో మన హైకోర్టుకు గొప్ప స్థానం ఉంది. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి, ఇష్టం లేని స్త్రీని కాపురానికి పొమ్మని కోర్టు ఆదేశించడం ఆమె వ్యక్తి గౌరవానికీ, ఏకాంత హక్కుకూ విరుద్ధమని ఆ సెక్షన్‌ను కొట్టేశారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. సెక్షన్ నిలిచింది. కానీ ఈరోజు చాలామంది దాన్ని కాపురం నిలబెట్టుకోవడానికి కాక, ఏడాది తర్వాత విడాకులకు మెట్టుగా వాడుకుంటున్నారంటే, ఎడబాటును నేరుగా లెక్కలోకి తీసుకునే దారి లేకపోవడమే కారణం.

ఆ దారి ఉండాలని చెప్పినవారు లేకపోలేదు. లా కమిషన్ 1978లో తన 71వ నివేదికలో, 2009లో 217వ నివేదికలో, కోలుకోలేనంతగా విరిగిపోయిన పెళ్లిని విడాకులకు కారణంగా చేర్చాలని సిఫారసు చేసింది. 2013లో రాజ్యసభ ఆమోదించిన బిల్లులో, మూడేళ్లు విడిగా ఉంటే ఒకరి పిటిషన్ మీద కూడా విడాకులు కోరే వీలుండేది. లోక్‌సభ గడువు తీరడంతో అది మురిగిపోయింది. 2023 మే 1న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, రాజ్యాంగంలోని 142వ అధికరణ కింద సుప్రీంకోర్టు అలాంటి పెళ్లిని రద్దు చేయవచ్చని చెప్పింది. ఆరేళ్లు, అంతకు మించిన ఎడబాటు పరిగణించదగ్గ అంశమనీ అంది. కానీ అది హక్కుగా అడిగేది కాదని, ఆ కోరికతో రిట్ వేసి నేరుగా ఆ కోర్టుకు వెళ్లడం కుదరదని కూడా స్పష్టం చేసింది. అంటే సుప్రీంకోర్టు దాకా కేసు నడపగలిగినవారికి దొరికే ఊరట అశోక్‌నగర్‌లో చిన్న ఉద్యోగం చేసుకునేవారికి అందదు. ఆస్ట్రేలియాలో 1976 నుంచి పన్నెండు నెలల ఎడబాటు చాలు. ఒకే ఇంట్లో ఉన్నా దాన్ని లెక్కిస్తారు. ఇంగ్లండ్‌లో 2022 ఏప్రిల్ నుంచి తప్పు ఎవరిదని అడగకుండా, ఇరవై వారాలు, ఆపై మరో ఆరు వారాల గడువుతో విడాకులిస్తున్నారు. మనం వాళ్లను అచ్చంగా అనుకరించనక్కర్లేదు. కానీ ఏళ్ల తరబడి సాగిన ఎడబాటుకు మన చట్టంలో ఎంతో కొంత నేరుగా విలువ ఉండాలి.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం అందరికీ తెలిసిందే. విడాకులు తేలికైతే కాపురాలు కూలిపోతాయని, ఓర్పు పోతుందని పెద్దలు భయపడతారు. ఆ భయంలో ప్రేమ ఉంది. దాన్ని తక్కువ చేయకూడదు. కానీ నేను అడుగుతున్నది తొందర కాదు, లెక్క. ఏడాది ఎడబాటు, ఆపై ఆరు నెలలు అని చట్టం పెట్టింది ఆలోచించుకోవడానికే. ఆ ఏడాదిలో కలిసిపోతే అంతకంటే సంతోషం లేదు; తేదీ రాసుకున్నంత మాత్రాన ఏ కాపురమూ ఆగదు. పైగా గడువు ఉందని తెలిసినప్పుడే పెద్దలు చురుగ్గా మాట్లాడతారు. గడువు లేని ఎడబాటులో ‘కాలమే సర్దుతుంది’ అని అందరూ చేతులు ముడుచుకుంటారు. మానని గాయం లాగా ఆ సంసారం లోలోపల పుచ్చిపోతుంది. కూలిపోయిన కాపురాన్ని కాగితం మీద నిలబెడితే కుటుంబ వ్యవస్థ బలపడదు. ఇద్దరు మనుషులు, ఒకరిద్దరు పిల్లలు ఏ దారీ తెలియకుండా మిగిలిపోతారు.

రెండో అభ్యంతరం దీనికంటే బరువైనది. సంపాదన లేని భార్యను వదిలించుకోవడానికి ఇది భర్తకు ఆయుధమవుతుందని మహిళా సంఘాలు 2013 బిల్లు నాడు గట్టిగా అడిగాయి. ఆ ప్రశ్న న్యాయమైనది. అందుకే ఆ బిల్లులో, విడాకులవల్ల తీవ్రమైన ఆర్థిక కష్టం వస్తుందని చూపి భార్య అడ్డుకునే హక్కు, భర్త ఆస్తిలో వాటా ఇప్పించే ఏర్పాటు చేర్చారు. ఆ రక్షణలు లేకుండా ఎడబాటును కారణంగా చేయకూడదని నేనూ నమ్ముతాను. కానీ ఇప్పటి స్థితి ఆమెను కాపాడుతోందా? తేదీ లేని, భరణం లేని ఎడబాటులో మొదట నలిగేది ఆమే. విడాకులు తేలేదాకా భరణం రాదని చాలామంది ఆడపడుచులు అనుకుంటారు. అది తప్పు. కేసు నడుస్తుండగానే హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద మధ్యంతర భరణం కోరవచ్చు. వీలైనంత వరకు అరవై రోజుల్లో తేల్చాలని చట్టమే చెబుతోంది. విడాకుల కేసు వేయకుండానే, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ స్థానంలో 2024 జూలై నుంచి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద మనోవర్తి అడగవచ్చు. 2005 గృహహింస చట్టం కింద ఇంట్లో ఉండే హక్కు కోరవచ్చు. భార్యాభర్తలిద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రంలో వెల్లడించాలని, భరణం దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్కించాలని సుప్రీంకోర్టు 2020 నవంబర్‌లో చెప్పింది. చూడండి, భరణానికి లెక్క మొదలయ్యేది ఎడబాటు తేదీ నుంచి కాదు, దరఖాస్తు తేదీ నుంచి. ఒక ఏడాది ఆలస్యంగా అడిగితే, ఆ ఏడాది సొమ్ము పోయినట్టే.

మతాన్ని బట్టి గడువులు మారతాయి కాబట్టి ఆ మాట కూడా క్లుప్తంగా చెప్పుకోవాలి. క్రైస్తవులకు 1869 నాటి చట్టంలో 2001లో చేర్చిన 10ఎ సెక్షన్ పరస్పర అంగీకారానికి రెండేళ్ల ఎడబాటు కోరుతోంది. ఇతరులకు ఏడాది, వారికి రెండేళ్లు ఎందుకన్న ప్రశ్నతో కేరళ హైకోర్టు 2010లోనే దాన్ని ఏడాదికి కుదించి చదివింది. 1939 చట్టం కింద ముస్లిం స్త్రీ, భర్త ఆచూకీ నాలుగేళ్లు లేకపోయినా, రెండేళ్లు పోషించకపోయినా విడాకులు కోరవచ్చు. ఖులా, అంటే భార్య చొరవతో జరిగే విడాకులు, కోరే హక్కు ఆమెకు సంపూర్ణంగా ఉందని, అది భర్త ఒప్పుకోలు మీద ఆధారపడదని తెలంగాణ హైకోర్టు 2025 జూన్‌లో చెప్పింది.

అమెరికాలో పిల్లలున్న కుటుంబాలు ఈ పేటల్లో చాలా ఉన్నాయి. వాళ్లు మరచిపోకూడని తీర్పు 1991 జూలైలో వచ్చింది. 1975లో తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక తెలుగు దంపతుల కేసు అది. 1978లో విడిపోయారు. భర్త 1980లో అమెరికాలో మిస్సోరీ కోర్టు నుంచి విడాకులు తెచ్చుకుని, 1981లో యాదగిరిగుట్టలో మరో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య పోరాడింది. పెళ్లి ఏ చట్టం ప్రకారం జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కారణం మీద, రెండోవారు ఆ కోర్టు అధికారాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకుని పాల్గొంటే తప్ప, అలాంటి విదేశీ డిక్రీ ఇక్కడ చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడి కోర్టు కాగితం రాగానే ఇక్కడ సంబంధాలు చూడడం మొదలుపెట్టే తల్లిదండ్రులు ముందుగా న్యాయవాదిని అడగాలి. ఇక్కడి కోర్టులో పోరాడి గెలిచిన డిక్రీ విషయంలోనూ, అప్పీలు గడువు తొంభై రోజులు దాటేదాకా, అప్పీలు వేసి ఉంటే అది తేలేదాకా, మళ్లీ పెళ్లి చేసుకోకూడదు. మొదటి పెళ్లి నిలిచి ఉండగా రెండోది చేసుకుంటే ఏడేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం.

ఇన్ని విషయాలూ ఒక్క చోటికే చేరుతున్నాయి. ఎడబాటు మొదలైన నెలలోనే నాలుగు పనులు చేయండి. ఏ రోజు నుంచి విడిగా ఉంటున్నారో రాతపూర్వకంగా ఉంచుకోండి. పెళ్లి సర్టిఫికెట్, శుభలేఖ, ఫొటోలు, పిల్లల జనన ధ్రువపత్రాలు, బ్యాంకు కాగితాలు మీ దగ్గర ఒక కాపీ పెట్టుకోండి. పిల్లల బడి ఫీజు, ఇంటి ఖర్చు ఎవరు భరించాలో వెంటనే తేల్చుకోండి. తేలకపోతే దరఖాస్తు వేయండి. న్యాయ సలహా తీసుకోండి. దానికి డబ్బు లేదని ఆగకండి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు. పెద్దలకు నా మనవి ఇది. కలపడానికి ప్రయత్నించండి, కానీ ఒక గడువు పెట్టుకుని ప్రయత్నించండి. ఆ గడువులో కుదరకపోతే, అదే పెద్దరికాన్ని మర్యాదగా విడిపోవడానికి సాయం చేయడంలో చూపండి. చట్టసభలకు చేసే మనవి, ఎడబాటుకు విలువ ఇచ్చే బిల్లును స్త్రీల ఆర్థిక రక్షణతో కలిపి మళ్లీ చేపట్టాలని. అది వచ్చేదాకా మనచేతిలో ఉన్నది ఉన్న చట్టాన్ని తెలుసుకుని, సమయానికి వాడుకోవడం. ఇద్దరూ ఒప్పుకుంటే ఏడాదిన్నరలో తేలగల విషయాన్ని పదేళ్ల కష్టంగా మార్చుకోవద్దని కోరుతున్నాను.